ఉరుముకు పేరు పెట్టినవాడు: టి. ఇ. లారెన్స్, అతని మోటార్ సైకిళ్ళు

టి. ఇ. లారెన్స్ రాసిన 'ది మింట్' పుస్తకంలో రచయిత పేరు ఉండవలసిన చోట ఒక అంకె ఉంటుంది: 352087. ఆ పక్కన ఎయిర్‌క్రాఫ్ట్‌మన్ రాస్ అని ఉంటుంది. రాస్ అన్నది కూడా అతని పేరు కాదు. 1922 ఆగస్టులో బ్రిటిష్ వైమానిక దళంలో అట్టడుగు హోదాలో, జాన్ హ్యూమ్ రాస్ అనే మారుపేరుతో చేరినప్పుడు అతనికి కేటాయించిన సంఖ్య అది. మింట్ అంటే టంకశాల. రకరకాల మనుషుల్ని తెచ్చి, కరిగించి, ఒకే అచ్చులో పోసి, ఒకే ముద్ర కొట్టి బయటకు పంపే చోటు. పుస్తకం పొడుగునా ఈ ముద్ర కొట్టడం గురించే రాస్తాడు: కవాతులు, కసరత్తులు, పెంటబండి చాకిరీ, రాత్రి బారకుల్లో బూతులు. 1950కి ముందు అచ్చు వేయవద్దన్నాడు. అది బజారులోకి వచ్చింది 1955లో.

ఇంత అనామకమైన ఈ పుస్తకంలో, చివరికి వచ్చేసరికి, సొంత పేరు పెట్టి పిలుచుకునే ప్రాణి ఒకటి ప్రవేశిస్తుంది. దానికి ప్రాణం లేదు. అది బోవనెర్జీస్ అనే మోటార్ సైకిలు.

మనిషికేమో అంకె, యంత్రానికేమో పేరు. ఈ తలకిందుల వ్యవహారాన్ని లారెన్స్ చాదస్తాల్లో ఒకటిగా చెప్పి నవ్వి వదిలేయడం మామూలు. అరేబియా ఎడారి, ఒంటెలు, తెల్లటి దుస్తులు, ఆ తరువాత వేగం పిచ్చి, దుర్మరణం. 1962 నాటి డేవిడ్ లీన్ సినిమా ఆ మరణంతోనే మొదలవుతుంది కనుక మనలో చాలామందికి లారెన్స్ పరిచయమైనదే మోటార్ సైకిలు మీద. కానీ ఆ బండికి పేరు పెట్టినవాడు తన పేరును మూడుసార్లు విడిచిన మనిషి. అందువల్ల ఈ నామకరణాన్ని చాదస్తంగా కాక, ఒక రచనగా చదవవలసి ఉందని నాకనిపిస్తుంది.

ముందు అతని పేరు సంగతి. తండ్రి థామస్ చాప్‌మన్ ఐర్లండులో భూస్వామి. భార్యనూ నలుగురు కూతుళ్ళనూ వదిలి, ఇంట్లో పిల్లల్ని చూసుకునే సారాతో వచ్చేశాడు. వాళ్ళిద్దరూ పెళ్ళి కాకుండానే కాపురం చేస్తూ లారెన్స్ అన్న ఇంటిపేరు తగిలించుకున్నారు. 1888లో వేల్స్‌లోని ట్రెమాడోగ్‌లో పుట్టిన ఈ రెండో కొడుక్కి పుట్టుకతో వచ్చిన ఇంటిపేరే అరువుది. 1922 డిసెంబరులో పత్రికలు రాస్ అసలు ఎవరో బయటపెట్టాయి. వైమానిక దళం అతన్ని పంపించేసింది. 1923 మార్చిలో డోర్సెట్‌లోని బోవింగ్టన్ శిబిరంలో ట్యాంకు దళంలో టి. ఇ. షాగా చేరాడు. 1925లో తిరిగి వైమానిక దళానికి వచ్చాడు. 1927లో షా అన్న పేరును చట్టబద్ధం చేసుకున్నాడు. హోమర్ ఒడిస్సీకి అతను చేసిన అనువాదం 1932లో వచ్చింది. రాక్షసుడి గుహలో, నీ పేరేమిటంటే 'ఎవడూ కాను' అని చెప్పి తప్పించుకున్న నాయకుడి కథ అది. ఆ ఘట్టాన్ని ఇంగ్లీషు చేస్తున్నప్పుడు అతనికి నవ్వు రాకుండా ఉంటుందా!

ఇక బండి పేరు. బోవనెర్జీస్ మార్కు సువార్త మూడవ అధ్యాయంలోని మాట. పన్నెండుమంది శిష్యుల్ని ఎన్నుకున్నప్పుడు జెబెదయి కొడుకులైన యాకోబు, యోహానులకు యేసు ఈ పేరు పెట్టాడు. ఉరుము కొడుకులని అర్థం. మన తెలుగు బైబిలు దీనిని 'ఉరిమెడువారు' అంటుంది. కొడుకులు జారిపోయి ఉరమడం మిగిలింది. లారెన్స్ అవసరానికి నిజానికి మన అనువాదమే దగ్గర. ఈ అన్నదమ్ములు కోపిష్టులు కూడా. తమను చేర్చుకోని సమరయుల ఊరి మీద ఆకాశం నుంచి అగ్ని కురిపిద్దామా అని అడిగి యేసు చేత చీవాట్లు తిన్నట్టు లూకా సువార్త చెబుతుంది. నిప్పుతో, మోతతో నడిచే బండికి ఇంతకన్న కుదిరే పేరు దొరకదు. భక్తురాలైన తల్లి పెంపకంలో బైబిలు వింటూ పెరిగిన కొడుకు, ఆ భక్తిని వదిలేశాక, అందులోంచి ఒక్క పేరు తెచ్చి పెట్రోలు ట్యాంకుకు పెట్టుకున్నాడు. ఇందులో కొంటెతనమూ ఉంది, కొంచెం బెంగ కూడా ఉంది.

ఇక్కడొక చిన్న చిక్కు. ఈ పేరు ఇద్దరిది. బండి ఒక్కటే. కానీ బ్రఫ్ సుపీరియర్ ఇంజనును ఒకసారి చూడండి. ఆంగ్లాక్షరం వి ఆకారంలో ఒకే మొదలు నుంచి చీలిన రెండు సిలిండర్లు ఒకదాని తరువాత ఒకటి పేలుతూ ఉంటాయి. కవలలన్న అర్థంలో దీన్ని వి-ట్విన్ అనే అంటారు. ఉరుముకు పుట్టిన ఇద్దరు కొడుకులు ఒకే చట్రంలో. లారెన్స్ ఇలాగే ఆలోచించాడని నేననను. ఇది నా ఊహ. పేరు చక్కగా కుదిరినప్పుడు పెట్టినవాడు అనుకోని అర్థాలు కూడా వచ్చి దానిలో చేరుతుంటాయి. ముద్దుగా పిలవడానికి బోవా అని కురచ చేశాడు. ఇంగ్లీషులో బోవా అంటే కొండచిలువ. ఉరుము కాస్తా పాముగా మారింది.

'ది మింట్'లో 'ది రోడ్' అన్న అధ్యాయం ఈ బండిదే. లింకన్‌షైర్‌లోని క్రాన్‌వెల్ వైమానిక శిక్షణ కళాశాలలో పని చేస్తున్న రోజులవి. సాయంత్రం పని ముగియగానే బోవనెర్జీస్ మోతకు బారకులు అదిరిపోతాయి, తోటివాళ్ళు విసుక్కుంటారు. రోడ్డెక్కాక ఆకాశంలో ఒక బ్రిస్టల్ ఫైటర్ విమానం కనబడుతుంది. దాని పైలట్ కవ్విస్తాడు. తిన్నటి రోడ్డు మీద విమానానికీ మోటార్ సైకిలుకూ పందెం. అంతా చదివాక నాకు గుర్తుండిపోయింది పందెం కాదు, ఆ తరువాతి కిరాణా సరుకు. లింకన్‌లో పంది మాంసం, నాటింగ్‌హామ్‌లో సాసేజీలు, బారకులోని తోటివాళ్ళ సాయంత్రపు తిండి కోసం. ఉరుము కొడుకు సంచులు మోసుకుంటూ వెనక్కి వస్తాడు.

ఈ అధ్యాయంలో విమర్శకుడు ఆగి చూడవలసిన చోటు సర్వనామం. లారెన్స్ బోవాను 'అది' అనడు, 'అతను' అంటాడు. బోవాకు తనంటే ఇష్టమనీ, అందుకే పరాయివాడికి ఇవ్వని మరికొన్ని మైళ్ళ వేగం తనకు ఇస్తాడనీ చెబుతాడు. ఇంగ్లీషువాళ్ళు ఓడల్ని, రైలింజన్లను, కార్లను స్త్రీలుగా పిలవడం ఆనవాయితీ. లారెన్స్ బండి మగవాడు, సేవకుడు కాదు, దాదాపు తోటి సైనికుడు. అంకెలుగా మారిన మనుషుల మధ్య పేరున్న నేస్తం.

దీన్ని తెలుగు చేయాలని కూర్చున్నప్పుడు నాకు చెయ్యాడలేదు. 'బోవా నన్ను ప్రేమిస్తాడు' అని రాస్తే పాఠకుడు ఎవరో మనిషి అనుకుంటాడు. 'ప్రేమిస్తుంది' అని రాస్తే యంత్రమైనా అనుకుంటాడు, ఆడమనిషైనా అనుకుంటాడు. చిన్నయ సూరి బాలవ్యాకరణం పద్ధతిలో మగవారిని చెప్పే మాటలు మహత్తులు, పశుపక్ష్యాదులూ జడపదార్థాలూ అమహత్తులు, ఏకవచనంలో స్త్రీలు కూడా వాటి పక్కనే. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. ఈ ఏర్పాటు స్త్రీకి చేసిన అన్యాయం గురించి చాలామంది రాశారు, ఇంకా రాయవలసిందే. నేను చెప్పేది దాని మరో కొస. తెలుగువాడు తన బండికి గౌరి అని పేరు పెడితే వ్యాకరణానికి ఏమీ పట్టదు. 'గౌరి ఇవాళ స్టార్టు కానంటోంది' అనేస్తాడు. క్రియాపదం ఒక్క అంగుళం కదలదు. అదే జార్జ్ అని పెడితే 'కానంటున్నాడు' అనాలి. అప్పుడు బండి అమహత్తు లోంచి మహత్తులోకి గడప దాటుతుంది. మన భాషలో మగపేరు పెట్టడం పెద్ద సాహసం. ఆడపేరు పెట్టడం ఎవరికీ తెలియకుండా చేయగల పని. ఇంగ్లీషులో 'అది' నుంచి ఎటు కదిలినా అడుగు పడ్డట్టే.

మన రైతులు ఈ గడప దగ్గర ఎంత తెలివిగా మసలుతారో గమనించాను. ఎద్దు పేరు రాముడు. 'రాముడు పొద్దున్నుంచీ మేత ముట్టలేదు' అంటారు. వ్యతిరేకార్థంలో 'లేదు'కు లింగభేదం లేదు. రాముడు మనిషైనా ఎద్దయినా ఆ వాక్యం నిలుస్తుంది. బెంగపడే మాటలన్నీ ఇలాగే 'లేదు'తో ముగియడం మన అదృష్టం. ఎద్దు బాగున్నప్పుడే వ్యాకరణం ఇబ్బంది పెడుతుంది.

పేర్ల వరుసకు మరో శాఖ ఉంది. లారెన్స్ 1922 నుంచి 1935 వరకు ఏడు బ్రఫ్ సుపీరియర్లు నడిపాడు. 1926 సెప్టెంబరు నాటికి వరసగా ఐదు బండ్ల మీద లక్ష మైళ్ళు పూర్తి చేశానని తయారీదారుకు ఉత్తరం రాశాడు. వాటిని జార్జ్ 1 నుంచి జార్జ్ 7 వరకు లెక్కపెట్టడం రివాజు. జార్జ్ ఎవరు? నాటింగ్‌హామ్‌లో వాటిని తయారుచేసిన జార్జ్ బ్రఫ్. ఇక్కడ కూడా తండ్రీకొడుకుల పేర్ల గొడవే ఉంది. విలియం బ్రఫ్ అప్పటికే తన పేరుతో మోటార్ సైకిళ్ళు చేస్తుండేవాడు. కొడుకు 1919లో విడిపోయి తండ్రి పేరుకే 'సుపీరియర్' అని తోక తగిలించాడు. అయితే నావి బ్రఫ్ ఇన్ఫీరియర్లన్నమాట అని తండ్రి అన్నాడని చెబుతారు. కొడుకు తన బండ్లకు ఎస్ఎస్ 80, ఎస్ఎస్ 100 అని పేర్లు పెట్టాడు. గంటకు ఎన్ని మైళ్ళు పోతుందో హామీ ఇచ్చే అంకెలవి. 1940లో మూతపడేలోగా ఆ కార్ఖానా నుంచి సుమారు మూడు వేల బండ్లు వచ్చాయి. ట్రయంఫ్‌వాళ్ళు తరువాతి కాలంలో థండర్‌బర్డ్, బొన్నెవిల్ అని, విన్సెంట్‌వాళ్ళు బ్లాక్ షాడో అని రెడీమేడ్ పేర్లు కుట్టి ఇచ్చారు. అంకెతో వచ్చిన బండికి పేరు పెట్టుకునే చోటు ఖాళీగా ఉంటుంది. అంకెతో మిగిలిన మనిషికి ఆ ఖాళీ ఇంకా బాగా కనబడి ఉంటుంది.

కానీ జార్జ్ పక్కన వరుస సంఖ్య పెట్టడం తయారీదారు గౌరవార్థమే కాదు. అది రాజుల లెక్క. 1918 అక్టోబరులో ఐదవ జార్జ్ చక్రవర్తి పతకాలివ్వబోతే, అరబ్బులకిచ్చిన మాట బ్రిటన్ నిలబెట్టుకోలేదన్న కారణంతో ఆయన ఎదుటనే వద్దన్నవాడు లారెన్స్. ఆ మనిషి పదేళ్ళలో తన షెడ్డులో తన జార్జులను తానే పట్టాభిషిక్తుల్ని చేసుకున్నాడు. ఇంకో తమాషా. 1929లో, ఇండియా నుంచి తిరిగి వచ్చాక, బెర్నార్డ్ షా దంపతులూ మరికొందరు మిత్రులూ కానుకగా ఇచ్చిన బండి ఆరవ జార్జ్. సింహాసనం మీద అప్పటికింకా ఐదవ జార్జే ఉన్నాడు. అసలు ఆరవ జార్జ్ రాజు కావడానికి 1936 డిసెంబరు దాకా ఆగాలి. 1932లో లారెన్స్ దగ్గరకు ఏడవ జార్జ్ కూడా వచ్చేశాడు. ఇంగ్లండుకు ఏడవ జార్జ్ ఇంతవరకు రాలేదు. ప్రస్తుత రాజుగారి మనవడు రావలసి ఉంది.

ఒకే పేరు, మారే ఒడలు. ఇది మనకు తెలియనిదేమీ కాదు. పూరీలో జగన్నాథుడి రథం నందిఘోష, బలభద్రుడిది తాళధ్వజ, సుభద్రది దర్పదళన. ఏటా కొత్త కలపతో రథాలు కడతారు. ఉత్సవమయ్యాక విప్పేస్తారు. చక్రం ఒక్కటి కూడా పోయినేటిది కాకపోయినా అది నందిఘోషే. అక్కడ అంకె పెట్టరు. వెయ్యవ నందిఘోష అని ఎవరూ అనరు. పేరు దేవుడి పక్షాన శాశ్వతం, కలపది వచ్చి పోయే పని. లారెన్స్ అంకె పెట్టాడంటే ఒక్కో బండి చావును విడిగా లెక్కపెట్టాడన్నమాట. రాజుల లెక్క కూడా అంతే, ముందువాడు పోయాడని చెప్పే సంఖ్య అది.

ఉరుము పేర్లు కూడా మనకు కొత్త కాదు. భాగవతంలో కృష్ణుడు రుక్మిణి కోసం బయల్దేరిన రథానికి కట్టిన గుర్రాలు శైబ్యం, సుగ్రీవం, మేఘపుష్పం, బలాహకం. బలాహకమంటే మబ్బు. ఇంద్రుడి గుర్రం ఉచ్చైఃశ్రవం పేరులోనే పెద్ద సకిలింపు వినబడుతుంది. అర్జునుడి విల్లు గాండీవం. దాన్ని మరొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానని ప్రతిన పట్టి, ఆ మాట ధర్మరాజే అన్నప్పుడు అన్నగారి మీదికే కత్తి దూయబోయాడు. ఇన్ని పేర్లున్నా కృష్ణుడు బలాహకంతో మాట్లాడిన సందర్భం నాకు గుర్తుకు రాదు. పేరు కవి పెట్టాడు, సారథి కాదు. అది వీరుడి వైభవంలో భాగం, కిరీటానికి తాపిన రాయి లాంటిది. మన లారీల వెనక, ఆటోల మీద కనిపించే 'అమ్మ దీవెన', 'నాన్న బహుమతి' కూడా పేర్లు కావు. అవి ఎవరిచ్చారో చెప్పే శిలాశాసనాలు. ఎవరూ వాటితో బండిని పిలవరు. దసరా నాడు బొట్టు పెట్టి, నిమ్మకాయ తొక్కించి, మరునాటి నుంచి మళ్ళీ 'బండి' అంటాం. మొక్కుతాం కానీ ముచ్చటించం. లారెన్స్ మొక్కలేదు, ముచ్చటించాడు. తేడా అక్కడ ఉంది.

1952లో అల్బెర్టో గ్రనాడో, చే గువారా దక్షిణ అమెరికా యాత్రకు తీసుకెళ్ళిన నార్టన్‌కు కూడా పేరుంది, అంకె కూడా ఉంది: లా పోదెరోసా 2. బలవంతురాలని అర్థం. బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆ బండి చిలీలో చతికిలబడింది. ఆ పేరులో వెటకారం ఎక్కువ, చెలిమి తక్కువ. దారి పొడుగునా కింద పడేసే బండికి బలవంతురాలన్న పేరు బాగానే నప్పింది. ఆ బండి పోయినా పుస్తకం సాగిపోతుంది. లారెన్స్ విషయంలో అలా కాలేదు.

1935 మే 13న బోవింగ్టన్‌లో ఒక తంతి ఇచ్చి, క్లౌడ్స్ హిల్‌లోని తన చిన్న ఇంటికి తిరిగి వస్తూ, సైకిళ్ళ మీద వెళ్తున్న ఇద్దరు కుర్రాళ్ళను తప్పించబోయి పడిపోయాడు. స్పృహ రాలేదు. 19న చనిపోయాడు. ఎనిమిదవ బండి అప్పటికి తయారవుతూ ఉంది. చికిత్స చేసినవారిలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఆ తరువాత సైన్యంలోని మోటార్ సైకిలు వార్తాహరుల తలగాయాల మీద పరిశోధన చేసి 1941లో ప్రచురించాడు. బ్రిటన్‌లో హెల్మెట్ తప్పనిసరి అయింది 1973లో. మన తలల మీద ఉన్న ఆ బరువుకు మూలాల్లో ఒకటి ఈ మరణం.

మోర్టన్ సమాధుల తోటలో రాతి మీద చెక్కిన పేరు షా కాదు, రాస్ కాదు, టి. ఇ. లారెన్స్. విడిచేసిన పేరు ఆఖరికి వచ్చి అతన్ని పట్టుకుంది. కిందపడిన బండిని మాత్రం ఇప్పుడెవరూ జార్జ్ అని గాని బోవా అని గాని పిలవరు. ప్రదర్శనశాలల్లో ఉంచినప్పుడు కూడా దాని గుర్తింపు జిడబ్ల్యూ 2275 అన్న రిజిస్ట్రేషను నంబరే. చావు వచ్చి పేరునూ అంకెనూ మళ్ళీ వాటి వాటి పాత చోట్లలో పెట్టి వెళ్ళిపోయింది.

ఇదంతా నేను తవ్వడం మొదలుపెట్టడానికి కారణం పాండిత్యం కాదు. రెండేళ్ళ కిందట ఇక్కడ ఒక పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ కొన్నాను. వూస్టర్‌షైర్‌లోని రెడ్డిచ్‌లో పుట్టిన కంపెనీ అది. 1955లో మద్రాసులో తయారీ మొదలైంది. 1960ల చివరకు రెడ్డిచ్ కార్ఖానా మూతపడింది. ఇప్పుడు ఆ పేరుతో చెన్నై నుంచి బండ్లు ఇక్కడికి ఓడెక్కి వస్తాయి. నాదీ అలా వచ్చిందే. నేనూ దాదాపు అదే దారిన వచ్చాను కనుక దాని మీద కొంత చుట్టరికపు భావం ఏర్పడింది.

పక్కింటి పెద్దాయన, యౌవనంలో బిఎస్ఏ నడిపినవాడు, మొదటి రోజే గోడ మీంచి అడిగాడు, ఆమె పేరేమిటని. పేరు లేదన్నాను. ఆయన జాలిపడ్డాడు. పేరు లేని బండి వానలో మొరాయిస్తుందన్నాడు. ఈ దేశంలో నా పేరుకు జరిగినది గుర్తుకొచ్చింది. నాకు తాతగారి పేరు పెట్టారు. ఏడక్షరాలు, పైన ఇంటిపేరు. పాస్‌పోర్టులో గడులు తారుమారై ఇంటిపేరు ముందు పడింది. ఆఫీసులో అందరూ నన్ను ఇంటిపేరుతో, అదీ సగం విరిచి, పిలుస్తారు. మొదట్లో సరిదిద్దేవాణ్ణి. ఆ తరువాత మానేశాను. నన్ను పూర్తి పేరుతో పిలిచే మనిషి ఇప్పుడు ఒక్కతే ఉంది, ఫోన్‌లో, ఆదివారాలు. ఆమె తరువాత ఆ పేరు కాగితాల మీదే ఉంటుంది. లారెన్స్ తన పేర్లను తానే విడిచాడు. మావి చేతి సంచీలోంచి చిల్లర జారినట్టు జారిపోయాయి. ఆ తేడాను మరిచి అతనితో మమ్మల్ని పోల్చుకోవడం సరి కాదు. కానీ 'ది రోడ్' చదువుతూ, తనకు లేని పేరును బండికి పెట్టుకున్న ఆ మనిషి ముచ్చట నాకు చాదస్తంగా అనిపించలేదు.

చాలా పేర్లు అనుకున్నాను. బలాహకం బాగుంది కానీ పక్కింటాయన నోరు తిరగదు. గౌరి మా నాయనమ్మ ఆవు. పిడుగు అనుకుంటే మా అమ్మాయి నవ్వింది, గంటకు యాభై మైళ్ళు దాటితే వణికే దానికి పిడుగేమిటని. ఈలోగా ఒక సాయంత్రం పెద్దాయన మళ్ళీ గోడ దగ్గర నిలబడి, ఇంతకూ ఏం పేరు పెట్టావన్నాడు. అదే నిమిషాన ఇంట్లోంచి మా ఆవిడ, వాన పడుతోంది బండి లోపల పెట్టమని కేకేసింది. ఆయన విన్నాడు. "బాండీ! చక్కటి పేరు" అన్నాడు.

అప్పటి నుంచి వారానికోసారైనా గోడ మీంచి బాండీ కులాసాయేనా అని అడుగుతాడు. కులాసాయేనని చెబుతున్నాను.